ఎంపీసీలో సౌండ్ ప్యాక్‌లు ఎక్కించడానికి సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

ఎంపీసీ వన్‌లో (ప్యాడ్లు కొట్టి పాటలు కట్టే అకాయ్ కంపెనీ యంత్రం) పద్నాలుగు ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లూ, అంటే శబ్దాల మూటలు, ఎక్కాయి. ఎస్‌డీ కార్డులో కాపీ చేసినా మొదట కొన్ని కనపడలేదు, కొన్ని పలకలేదు. బ్రౌజర్ తెరిస్తే బొమ్మలతో సహా వరసగా కనిపిస్తున్నాయి, ప్యాడ్ కొడితే పలుకుతున్నాయి. ఫోన్లోనూ మెసేజుల్లోనూ సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కానీ పేర్లు వద్దని కొందరు గట్టిగా అన్నారు. అందుకని ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాం. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది. ఇదే చిక్కులో ఉన్న ఇంకొకరికి దారీ దొరుకుతుంది.

మొదటి దండం రాజమండ్రి అన్నగారికి. అందరూ ‘ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశారా, కార్డు మార్చి చూశారా’ అంటుంటే, ఆయన ఒక్కటే అడిగారు: ‘ఆ ప్యాక్ ఫోల్డర్ తెరవగానే ఏం కనపడుతోందో పైనుంచి చదవండి.’ చదివితే లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. అసలు సరుకంతా ఆ రెండో దాంట్లో ఉంది. జిప్ విప్పేటప్పుడు కంప్యూటర్ జిప్ పేరుతో ఒక ఫోల్డర్ తయారుచేసి, జిప్‌లో ఉన్న ఫోల్డర్‌ను దాంట్లో పెడుతుంది. మనకది పెద్ద తేడాగా అనిపించదు. ఎంపీసీకి మాత్రం ప్యాక్ లేనట్టే లెక్క.

ఆయన చెప్పిన అమరిక ఇది. కార్డు తెరవగానే, వేరే ఏ ఫోల్డర్ లోపలా కాకుండా, ఎక్స్‌పాన్షన్స్ అనే ఫోల్డర్ ఉండాలి. పేరు ఇంగ్లీషులోనే, మొదటి అక్షరం పెద్దది, చివర ‘ఎస్’ తప్పనిసరి. దాంట్లో ఒక్కో ప్యాక్‌కి ఒక్కో ఫోల్డర్. ఆ ప్యాక్ ఫోల్డర్ తెరిచిన వెంటనే ఎక్స్‌పాన్షన్.ఎక్స్‌ఎంఎల్ అనే చిన్న ఫైలు కంటపడాలి. ప్యాక్ పేరు, తయారుచేసినవాళ్ల పేరు, బొమ్మ ఫైలు పేరు అన్నీ రాసి ఉండే చీటీ అది. దాన్ని చదివే యంత్రం ఆ ప్యాక్‌ను ఎక్స్‌పాన్షన్ల వరసలో చూపిస్తుంది. చీటీ ఒక మెట్టు లోపలికి పోతే అంతే సంగతులు. పద్నాలుగింటిలో తొమ్మిది ప్యాక్‌లకు ఉన్న జబ్బు ఇదొక్కటే. లోపలి ఫోల్డర్‌లో ఉన్నదంతా ఒక మెట్టు పైకి లాగి, ఖాళీ అయిన ఆ లోపలి ఫోల్డర్ తీసేస్తే సరిపోయింది.

మరో రెండు ప్యాక్‌లు అసలు విప్పుకోలేదు. అవి ఎక్స్‌పీఎన్ ఫైళ్లు. ‘అది జిప్పే, వేషం మార్చుకుంది’ అని నవ్వుతూ చెప్పిన హైదరాబాద్ తమ్ముడికి థాంక్స్. మ్యాక్‌లో అయితే చివరి ఎక్స్‌పీఎన్ తీసేసి జిప్ అని రాస్తే మామూలుగా విప్పుకుంటుంది. విండోస్‌లో ఫైళ్ల చివరి పేర్లు దాచి ఉంటే, మార్చామనుకున్న పేరు మారకుండా జిప్ అనే మాట ముందు భాగంలో మాత్రమే చేరుతుంది. అక్కడ పేరు జోలికే పోకుండా, 7-జిప్ పెట్టుకుని ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ కొడితే తేలిగ్గా అయిపోతుంది. ఫైలు పేరు ఏదైనా, లోపలున్నది జిప్ అని అది పసిగడుతుంది. విప్పుతున్నప్పుడు ‘ఆర్కైవ్ మధ్యలోనే అయిపోయింది’ అన్న అర్థం వచ్చే తప్పు చూపిస్తే డౌన్‌లోడ్ సగంలో తెగిందన్నమాట. అమ్మినచోట చూపిన సైజుతో పోల్చుకుని మళ్లీ దించుకోవడమే. మా రెండింటిలో ఒకదాని కథ అదే.

మ్యాక్‌లో తయారైన జిప్‌లు విండోస్‌లో విప్పితే అండర్‌స్కోర్లతో మొదలయ్యే మ్యాక్ఓఎస్ఎక్స్ అనే ఫోల్డర్ ఒకటి పక్కన పుట్టుకొస్తుంది. దాంట్లో శబ్దం ఏమీ ఉండదు, తీసేయొచ్చు.

అధికారికంగా కొని అకౌంట్‌లో యాక్టివేట్ చేసిన ప్యాక్‌ల దారి వేరు. అవి ముందు కంప్యూటర్‌లోని ఎంపీసీ సాఫ్ట్‌వేర్‌కి ఇన్‌స్టాల్ అవుతాయి. అక్కణ్ణుంచి కార్డులోకి మనం కాపీ చేసుకోవాలి. ఎక్కడున్నాయో వెతికి వెతికి వేసారిపోతున్నప్పుడు దారి చూపింది డాలస్ అక్క. విండోస్‌లో సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, దాంట్లో అకాయ్, దాంట్లో ఎంపీసీ, దాంట్లో కంటెంట్. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కనపడదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే బయటపడుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వెతికేవాళ్లే ఎక్కువ, అక్కడ ఎంత వెతికినా దొరకవు. మ్యాక్‌లో లైబ్రరీ, అప్లికేషన్ సపోర్ట్, అకాయ్, ఎంపీసీ, కంటెంట్. ఆ లైబ్రరీ డిస్క్ మొదట్లో ఉన్నది, మన యూజర్ పేరు కిందది కాదు. అక్కడ కనిపించే ప్యాక్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కార్డులోని ఎక్స్‌పాన్షన్స్‌లో పెట్టాలి. డాలస్‌లో రాత్రి ఒంటిగంట దాటినా అక్క స్క్రీన్ షేర్‌లో ఓపిగ్గా కూర్చున్నారు. అక్కా, మీకు మేం ఒక పూట భోజనం బాకీ.

కార్డు విషయంలో సాయం చేసింది కెమెరా రిపేర్ మాస్టారు. సంగీతంతో ఆయనకు సంబంధం లేదు, కానీ ఎస్‌డీ కార్డుల లోతు ఆయనకు తెలిసినంత మాకెవ్వరికీ తెలియదు. మొదట పెట్టిన కార్డు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. అలాంటి కార్డు మీదున్న ప్యాక్‌ను ఎంపీసీ చదువుతుంది గానీ, దాని మీద రాయదు. ప్రాజెక్ట్ సేవ్ చేయబోతే కుదరదు. మ్యాక్‌లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌గా ఫార్మాట్ చేసినా అంతే, చదవడం వరకే. ఫ్యాట్ 32 అయితే చదవడం రాయడం రెండూ జరుగుతాయి గానీ, ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెద్ద ఎక్స్‌పీఎన్ ఫైలు కాపీ కాకపోయేది ఇందుకే. కంప్యూటర్‌లోనే విప్పి ఫోల్డర్‌గా కాపీ చేస్తే ఆ బాధ ఉండదు, ఎందుకంటే విడి శాంపిల్స్ (ఒక్కో శబ్దం ఫైలు) చిన్నవే. ఇవన్నీ ఎందుకు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసేయండి అన్నారాయన. విండోస్, మ్యాక్, ఎంపీసీ మూడూ దాని మీద రాస్తాయి, 4 జీబీ గొడవా ఉండదు.

అక్కడితో ఆగలేదు. ఫార్మాట్ పెట్టెలో అలొకేషన్ యూనిట్ సైజ్ అనే గడి ఉంటుంది కదా, దాన్ని మేం ఎప్పుడూ పట్టించుకోలేదు. 64 జీబీ కార్డుకి విండోస్ తనంతట తానే 128 కేబీ పెడుతుంది. అంటే ఫైలు ఎంత చిన్నదైనా కార్డు మీద కనీసం 128 కేబీ చోటు ఆక్రమిస్తుంది. డ్రమ్ ప్యాక్‌లంటే వేల కొద్దీ చిన్న దెబ్బలు. ఒక్కోటి 40 కేబీ అనుకుని 4,000 ఫైళ్లు లెక్కేస్తే అసలు సరుకు 156 ఎంబీ, కార్డు మీద పోయే చోటు 500 ఎంబీ. అదే 32 కేబీ పెట్టి ఫార్మాట్ చేస్తే 250 ఎంబీతో సరి. ‘కార్డు ఊరికే నిండిపోతోంది’ అన్న గోలకు సగం కారణం ఇదే. పెద్ద పెద్ద లూప్‌లున్న ప్యాక్‌లకు ఈ తేడా లెక్కలోకి రాదు.

కార్డు అసలుదో నకిలీదో చూడటానికి విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ ఎఫ్3 ఉన్నాయి. కార్డు నిండా రాసి, తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకి 20 ఎంబీ రాసే కార్డు 64 జీబీ నిండటానికి గంట దాకా పడుతుంది, చదవడం అదనం. రాత్రి పెట్టి పడుకోండి. మా చేతిలో ఉన్న ఒక కార్డు మీద 64 అని ఉంది, నిజంగా పట్టేది దాంట్లో పావు వంతు కూడా లేదు. కాపీ అయినట్టే చూపిస్తుంది, ఫైళ్ల పేర్లూ ఉంటాయి, లోపల శబ్దం ఉండదు. ప్యాక్ చెడిపోయిందని అమ్మినవాళ్లను తిట్టుకున్నాం. పాపం, తప్పు వాళ్లది కాదు.

ప్యాక్ కనపడుతుంది, కిట్ లోడవుతుంది, ప్యాడ్లు మాత్రం పలకవు. ఈ ముడి విప్పింది నెల్లూరు బాబాయ్. మేం చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని వేవ్ ఫైళ్లన్నీ ఏరి శాంపిల్స్ అనే కొత్త ఫోల్డర్‌లో సర్దాం. కిట్ అనేది ఎక్స్‌పీఎం ఫైలు. ఏ ప్యాడ్‌కి ఏ శాంపిల్ అన్నది దాంట్లో పేరుతో రాసి ఉంటుంది. తన పక్కన, తనున్న ఫోల్డర్‌లోనే ఆ పేరు గల వేవ్ కోసం వెతుకుతుంది. ఫైలును కదిలించినా, పేరులో ఒక్క అక్షరం మార్చినా ఆ ప్యాడ్ మూగబోతుంది. వినిపించే నమూనాలదీ అదే తీరు. చదరపు బ్రాకెట్లలో ప్రీవ్యూస్ అని రాసి ఉన్న ఫోల్డర్‌లో కిట్ పేరుతోనే ఉంటాయి, కిట్ పేరు మారిస్తే నమూనా వినపడదు. బాబాయ్ మాటల్లోనే: ‘విప్పింది విప్పినట్టు పెట్టు, సర్దొద్దు.’

మెమరీ సంగతి కూడా ఆయనే తేల్చారు. ఎంపీసీ వన్‌లో ఉన్నది 2 జీబీ ర్యామ్, అదంతా శాంపిల్స్‌కి దొరకదు. అయితే కార్డులో యాభై ప్యాక్‌లున్నా ర్యామ్ మీద భారం పడదు. లోడ్ చేసినవే ర్యామ్‌లోకి వస్తాయి. 44.1 కిలోహెర్ట్జ్‌లో 16 బిట్ స్టీరియో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 24 బిట్ అయితే సుమారు 16 ఎంబీ. డ్రమ్ కిట్లు ఏ మూలకీ రావు. ప్రతి స్వరానికీ నాలుగైదు పొరలున్న పియానో శబ్దాలే (ఎంపీసీలో కీగ్రూప్‌లంటారు) మింగేస్తాయి. కిట్లు మార్చి మార్చి చూశాక, వాడని శాంపిల్స్‌ను పర్జ్ చేస్తే, అంటే ర్యామ్‌లోంచి తీసేస్తే, చోటు మళ్లీ దొరుకుతుంది. ప్రాజెక్ట్ సేవ్ చేసినప్పుడు వాడిన శాంపిల్స్ ప్రాజెక్ట్ డేటా ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి కాబట్టి, తర్వాత ప్యాక్ తీసేసినా పాట చెడదు.

ఇక పద్నాలుగో ప్యాక్. అది కొన్నది కాదు. కరీంనగర్ నుంచి డప్పు మాస్టారు తన చేత్తో వాయించి, వాళ్లబ్బాయి రికార్డ్ చేసి పంపిన శబ్దాలు. సిర్ర (లావు కర్ర) దెబ్బ, చిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బ, రెండూ కలిపి, అంచు మీద, అరచెయ్యి ఆనించి మూసిన దెబ్బ. ఒక్కోటి నాలుగు బలాల్లో. వీటిని ప్యాక్‌గా కట్టడంలో తోడ్పడినవాళ్లకు వేరే చెప్పాలి. ప్యాడ్‌లో నాలుగు లేయర్లు పెట్టి వెలాసిటీ (ప్యాడ్‌ను ఎంత గట్టిగా కొట్టామో చెప్పే అంకె) 1 నుంచి 40, 41 నుంచి 80, 81 నుంచి 110, 111 నుంచి 127 అని పంచాం. మొదట నాలుగింటినీ విడివిడిగా నార్మలైజ్ చేస్తే, అంటే ఒక్కోదాన్నీ పూర్తి స్థాయికి పెంచితే, మెల్లగా కొట్టింది కూడా గట్టి దెబ్బంత మోగింది. నాలుగూ కలిపి ఒకే కొలతతో పెంచాలని చెప్పింది వాళ్లబ్బాయే. శాంపిల్ మొదట్లో 10 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగిలిపోయినా వేలు ముందు, శబ్దం వెనక అన్నట్టుంటుంది. ఈ వాద్యంలో అది చెవికి వెంటనే తగులుతుంది. మూసిన దెబ్బ పడగానే తెరిచిన దెబ్బ మోత ఆగాలి కాబట్టి రెంటినీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో పెట్టాం. ఎక్స్‌ఎంఎల్ చీటీని పాత ప్యాక్ నుంచి తెచ్చుకుని మార్చుకునేవాళ్లు, పేరుతోపాటు ఐడెంటిఫయర్ అన్న వరస కూడా మార్చండి. ఏ రెండు ప్యాక్‌లకూ ఆ వరస ఒకటి కాకూడదు.

మాస్టారూ, ఆ శబ్దాలు మీవి. మీరు సరేననే దాకా ఈ ప్యాక్ మా కార్డు దాటి ఎవరికీ వెళ్లదు.

కాపీ అయ్యాక కంప్యూటర్‌లో ఎజెక్ట్ కొట్టకుండా కార్డు లాగొద్దని పదిసార్లు చెప్పిన వైజాగ్ చెల్లాయికి కూడా థాంక్స్. పదకొండోసారి విన్నాం.

చివరగా, ఆదివారం వచ్చినవాళ్లలో ఎవరిదో నల్ల రంగు యూఎస్‌బీ కార్డ్ రీడర్, ఒక వైపు మూత పోయింది, మా టేబుల్ మీదే ఉండిపోయింది. ఎవరిదో మెసేజ్ పెడితే కొరియర్ చేస్తాం.