పలాస జీడిపప్పు మళ్లీ దొరికింది

శ్రీకాకుళం,
సోమవారం పొద్దున్న

ఒరేయ్ బావా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాలు పర్లేదు. చెల్లి సంబంధం కుదిరేలా ఉంది, వివరాలు ఫోన్‌లో చెప్తా. రథసప్తమికి అరసవల్లి వస్తానని ఈసారీ ఎగ్గొట్టావు, ఆ సంగతి తర్వాత తేలుద్దాం. ముందు ఇది విను. నాకు జీడిపప్పు దొరికిందిరా!

డిగ్రీ ల్యాబ్‌లో మనం గీసిన బి-హెచ్ కర్వ్‌కి, అదే, అయస్కాంత బలం పెరిగి తగ్గే తీరు చూపే ఆ గ్రాఫ్‌కి, నువ్వు పెట్టిన పేరే. అయస్కాంతం వెళ్లిన దారిన వెనక్కి రాదని సార్ చెబుతుంటే వెనక బెంచీలో మనం నవ్వు ఆపుకోలేక... సరే. అలాంటి బొమ్మే రాత్రి ఒక కృష్ణబిలం గీసి చూపించింది.

దాని పేరు మాక్సీ జె1820+070. సుమారు 10,000 కాంతి సంవత్సరాల దూరం. పక్కనే ఉన్న చిన్న నక్షత్రం నుంచి వాయువు జారి దాని చుట్టూ డిస్క్‌లా తిరుగుతుంది. చల్లగా ఉన్నన్నాళ్లూ ఆ వాయువు లోపలికి సరిగా పోదు, పేరుకుంటూ ఉంటుంది. వేడి కొన్ని వేల డిగ్రీలు దాటాక హైడ్రోజన్ అయాన్లుగా విడిపోతుంది, రాపిడి పెరుగుతుంది, ఇక సరుకంతా లోపలికి పరుగే. 2018 మార్చి 6న మామూలు వెలుగులో కనిపించింది, 11న అంతరిక్ష కేంద్రం మీదున్న జపాన్ వాళ్ల ఎక్స్‌రే పరికరం మాక్సీకి ఎక్స్‌రేల్లో దొరికింది.

మాక్సీ లెక్కలు ఎవరైనా తీసుకోవచ్చు. కరెంటు పోతే గ్రాఫ్ పేపర్ ముందేసుకుని పెన్సిల్‌తో పెట్టాను, రోజుకో చుక్క. పైకి వెలుగు, అడ్డంగా ఎక్స్‌రేల కాఠిన్యం, అంటే తక్కువ శక్తి (మెత్తని) ఎక్స్‌రేలతో పోలిస్తే ఎక్కువ శక్తివి ఎన్ని ఉన్నాయన్నది. కుడికి వెళ్లేకొద్దీ కాఠిన్యం ఎక్కువ. మార్చిలో కుడివైపునే పైకెక్కింది. జూన్ దాకా మెల్లగా దిగింది, మళ్లీ లేచింది. జూలై రాగానే చుక్కలన్నీ ఎడమకి జరిగిపోయాయి! అప్పటిదాకా వెలిగింది కృష్ణబిలం దగ్గరున్న మహా వేడి వాయువు, కరోనా అంటారు. ఇప్పుడు డిస్కే కోటి డిగ్రీలకు దగ్గరగా వేడెక్కి, మెత్తని ఎక్స్‌రేలతో వెలుగుతోంది. ఆ మలుపులోనే రెండువైపులా పదార్థం చిమ్మింది, తర్వాత జెట్, అంటే అప్పటిదాకా సన్నని ధారలా చిమ్ముతూ వచ్చిన పదార్థం, ఆగిపోయింది. సెప్టెంబరు చివర్లో మళ్లీ కుడికి తిరిగింది, కానీ చాలా తక్కువ వెలుగు దగ్గర. వెళ్లిన దారి వేరు, వచ్చిన దారి వేరు. లూప్!

డిస్క్ లోపలి అంచు మొదట్లో ఎంత దూరంలో ఉందన్నది ఇంకా తేలలేదు. వెనక్కి తగ్గి ఉండి తర్వాత లోపలికి వచ్చిందని కొందరంటారు. 2019లో నేచర్ పత్రికలో ఎరిన్ కారా అనే శాస్త్రవేత్త బృందం మాత్రం అంచు పెద్దగా కదల్లేదు, కరోనాయే కుంచించుకుపోయిందని చూపించింది. కరోనా నుంచి డిస్క్‌కి తగిలి తిరిగొచ్చే ఎక్స్‌రేల ప్రతిధ్వని ఆలస్యం తగ్గుతూ పోయిందట. నా మొగ్గు వీళ్లవైపే, ఎందుకంటే డిస్క్‌లోని ఇనుము ఎక్స్‌రేల్లో వేసే గీత ఆకారం మారకుండా... దీని మీద వేరే ఉత్తరం రాస్తాను.

1898లోనూ, 1934లోనూ ఇది ఇలాగే రేగిందని పాత ఫొటో ప్లేట్లలో తర్వాత బయటపడింది. అప్పుడు ఎవరూ గమనించలేదు. ఇది తలుచుకుంటే మనసు అదోలా అయిపోయింది. మన సార్ ఉండుంటే గ్రాఫ్ పట్టుకుని రాత్రే వాళ్లింటికి వెళ్లేవాణ్ణి.

జిరాక్స్ ఇందులో పెడుతున్నా. జూలై చుక్కల దగ్గర ఎర్ర పెన్నుతో గీసిన చోట చూడు, అక్కడ రెండు చుక్కల మధ్య... ఆటో వచ్చేసింది, అత్తని ఆమదాలవలసలో ట్రైన్ ఎక్కించాలి. ఉంటాను రా.

నీ
బావ