‘నేషనల్’ అని ఫ్లెక్సీ కడితే జాతీయ పోటీ కాదు

సంపాదకులకు,

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో ఫంక్షన్ హాళ్లు తీసుకుని కరాటే పోటీలు పెడుతున్నారు. ఫ్లెక్సీ మీద ‘నేషనల్’ అని ఉంటుంది. రెండు మూడు రాష్ట్రాల పిల్లలు వచ్చినంత మాత్రాన అది జాతీయ పోటీ కాదు. ప్రపంచ కరాటే సమాఖ్య దేశానికి ఒక్క సంస్థనే గుర్తిస్తుంది. దాని కింద రాష్ట్ర సంఘం, ఆ కింద జిల్లా సంఘం. జిల్లాలో, రాష్ట్రంలో ఎంపికై రాష్ట్ర జట్టు తరఫున ఆడితేనే జాతీయ పోటీలో ఆడినట్టు. నేరుగా ఫీజు కట్టి పేరు రాయించుకునేది ఎంత బాగా జరిగినా ఓపెన్ టోర్నమెంటే.

తల్లిదండ్రులు బెల్టు దగ్గరా పొరబడుతున్నారు. షోటోకాన్, షిటోర్యు, గోజుర్యు, వాడోర్యు... ఏ శైలి బెల్టు పరీక్ష ఆ శైలి వాళ్లే పెట్టుకుంటారు. క్రీడా కోటా ఉద్యోగానికి బెల్టు సర్టిఫికెట్ పనికిరాదు.

జాతీయ సంస్థ అసలు పని పోటీ నియమాలు, వయసు, బరువు విభాగాలు, జట్టు ఎంపిక, రెఫరీల లైసెన్సులు. బ్లాక్ బెల్టు ఉన్నవాళ్లందరూ రెఫరీలు కారు, ఆ పరీక్ష వేరు. ఈ పని కింది దాకా రాకనే పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయి. బరి 8 మీటర్ల చదరం, దాని చుట్టూ మరో మీటరు మ్యాటు ఉండాలి. టైల్స్ మీద కార్పెట్ పరిచి ఆడిస్తే వెనక్కి పడ్డ పిల్లాడి తల నేలకు కొట్టుకుంటుంది. మ్యాట్ల మధ్య సందు వదిలితే వేళ్లు ఇరుక్కుని చీలమండ మెలిపడుతుంది. బరువు తూచకుండా వయసు చూసి జోడీ కడితే 30 కిలోల పిల్లాడి ఎదుట 40 కిలోలవాడు నిలబడతాడు. ముఖం మీదికి వెళ్లిన గుద్దును అదుపు చేయకపోతే శిక్ష వేయాలి. లైసెన్సు లేని రెఫరీ దానికే పాయింటు ఇస్తాడు, మిగతా పిల్లలూ అదే నేర్చుకుంటారు.

2020లో ప్రపంచ సమాఖ్య అప్పటి మన జాతీయ సంఘం గుర్తింపును తీసేసింది. పైన గుర్తింపు పోతే, కింద జిల్లా సంఘం ఎంత నిజాయితీగా నడిచినా దాని పత్రం మీద అనుమానం పడుతుంది. 2025 క్రీడా పాలన చట్టం గుర్తింపు ఇచ్చే అధికారాన్ని జాతీయ క్రీడా మండలికి అప్పగించింది. మేం కోరేది ఇదీ: గుర్తింపు కోరే ప్రతి సంస్థా జిల్లాలవారీ అనుబంధ సంఘాల పేర్లు, లైసెన్సు ఉన్న రెఫరీల పేర్లు తెలుగులోనూ బయటపెట్టాలి. ప్రతి సర్టిఫికెట్‌కూ సరిచూసుకునే నంబరు వేయాలి.

అప్పటిదాకా ఫీజు కట్టేముందు నిర్వాహకులను పై సంఘం ఇచ్చిన అనుబంధ (అఫిలియేషన్) పత్రం జిరాక్సు అడగండి. అది ఏ సంవత్సరం దాకా రెన్యువల్ అయిందో తేదీ చూడండి.

- కొందరు కరాటే శిక్షకులు, నల్లగొండ