కంచె చేను మేయలేదు తల్లీ

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. నీ పాఠంలోని షిస్టోసోమా పురుగు గురించి నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పురుగు పెద్దగా ఏమీ చెయ్యట్లేదమ్మా, లివర్‌ని పాడు చేసేది మన ఇమ్యూనిటీయే. కంచే చేను మేసినట్టు ఉంది. దాన్ని తగ్గించేసే మందేదో ఇచ్చేస్తే సరిపోదా?" అన్నావు. నాకు ల్యాబ్‌లో పని మిగిలి ఉండటంతో, తర్వాత మాట్లాడదామని పెట్టేశాను. పెట్టేశాక మనసు ఊరుకోలేదు. నువ్వన్న దాంట్లో సగం నిజం. మిగతా సగం అలాగే తలలో ఉండిపోతే రేపు రోగి ముందు కూర్చున్నప్పుడు కూడా ఉండిపోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఈ షిస్టోసోమా అంటే ఏమిటో చూద్దాం, ఇది మనిషి రక్తనాళాల్లో బతికే పరాన్నజీవి. 1851లో కైరోలో థియోడోర్ బిల్‌హార్జ్ అనే జర్మన్ డాక్టర్ శవపరీక్ష చేస్తూ, కాలేయంలోకి వెళ్లే పోర్టల్ సిర రక్తంలో ఈ జాతి పురుగుల్ని చూశాడు. మంచినీటి నత్తల్లో పెరిగి నీళ్లలోకి వచ్చిన లార్వా, ఆ నీళ్లలో దిగిన మనిషి చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తుంది. కొన్ని వారాల్లో పెద్దదై, పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిరల్లో కాపురం పెడుతుంది. కాపురమనే అనాలి. మగపురుగు ఒంటి మీద ఉన్న గాడిలో ఆడపురుగు ఇమిడిపోయి, ఆ జంట ఏళ్ల తరబడి అలాగే బతుకుతుంది. చుట్టూ మన రక్షణ కణాలే తిరుగుతుంటాయి. అయినా మన శరీరానికి చెందిన అణువుల్నే ఒంటికి పూసుకుని ఉంటుంది కాబట్టి వాటి కంట పడదు.

ఇక్కడిదాకా కాలేయానికి పెద్ద నష్టం లేదు. గొడవంతా గుడ్లతోనే. మాన్సోనై రకం ఆడపురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది, జపానికం రకమైతే వేలల్లో. అవి పేగు గోడ దాటి మలంతో బయటపడాలి. దాదాపు సగం అలా బయటికి పోతాయి. మిగతా వాటిలో చాలా గుడ్లు రక్తంతో పాటు కొట్టుకుపోయి కాలేయంలో సన్నని సిరల చివర ఇరుక్కుపోతాయి. గుడ్డు పొడవు సుమారు 140 మైక్రాన్లు ఉంటుంది, అక్కడి దారి అంతకంటే సన్నం.

ఇరుక్కున్న గుడ్డు ఊరికే పడి ఉండదు. లోపలి పిండం సుమారు 3 వారాలు బతికే ఉంటుంది. పెంకుకున్న సన్నటి రంధ్రాల్లోంచి ప్రోటీన్లు వదులుతూ ఉంటుంది. వాటిలో కొన్ని కాలేయ కణాలకు విషం. నువ్వే శరీరం అయితే ఏం చేస్తావు తల్లీ? గుడ్డుని బయటికి లాగలేవు. పెంకు గట్టిది, వెంటనే పగలదు. చేయగలిగింది ఒక్కటే, చుట్టూ గోడ కట్టడం. ఆ గోడే గ్రాన్యులోమా. మధ్యలో గుడ్డు, దాని చుట్టూ మాక్రోఫేజ్‌లు, టి కణాలు, ఎర్రటి గింజలతో నిండిన ఇయోసినోఫిల్స్ అనే రక్షణ కణాలు గుంపులు గుంపులుగా. చదువుకునే రోజుల్లో ఆ స్లైడు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు మైక్రోస్కోప్ వదల్లేదు. అంత చిన్న చోట అంతమంది వచ్చి నిలబడటం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకే వస్తాను. ఆ గోడ కట్టనివ్వకపోతే ఏమవుతుంది? ఎలుకల్లో చూశారు. టి కణాలు లేని ఎలుకలకి ఈ పురుగు సోకితే సరైన గ్రాన్యులోమా ఏర్పడదు, కాలేయంలో నారలు పేరుకుని మచ్చ కూడా కట్టదు. నీ లెక్క ప్రకారం అవి హాయిగా బతకాలి. కానీ మాన్సోనై సోకిన అలాంటి ఎలుకల్లో గుడ్ల చుట్టూ ఉన్న కాలేయ కణాలు విషానికి చచ్చిపోయాయి, ఆ ఎలుకలు మామూలు వాటికంటే ముందే పోయాయి. ఐఎల్-4 అనే సంకేతాన్ని తయారుచేయలేని ఎలుకల కథా అంతే, జబ్బు ముదిరి త్వరగా చనిపోయాయి. ఆ గోడే లేకపోతే మచ్చ పడటానికి మనిషి మిగలడు.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతావు. గుడ్డు పేగు గోడ దాటి బయటపడటానికి కూడా మన రోగనిరోధక స్పందనే కావాలి. ఆ స్పందన లేని ఎలుకల్లో మలంతో బయటికొచ్చే గుడ్లు బాగా తగ్గిపోయాయి. అంటే మన కాపలాదారుల భుజాలెక్కే ఆ గుడ్డు ఇల్లు దాటుతోంది. పురుగుకీ మనిషికీ మధ్య ఎన్ని వేల ఏళ్ల సావాసమో ఇది చూస్తే అర్థమవుతుంది.

మరి మచ్చ ఎక్కడ మొదలవుతుంది? పురుగు సోకిన తొలి వారాల్లో శరీరం ఒక రకం స్పందన చూపిస్తుంది, బ్యాక్టీరియా, వైరస్‌ల మీద చూపించేలాంటిది. 5, 6 వారాలకి గుడ్లు పడటం మొదలవగానే దిశ మారుతుంది. దీన్నే టైప్ 2 స్పందన అంటారు. ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 పెరుగుతాయి. మన కథలో అసలు పాత్ర ఐఎల్-13ది. అది నారలు తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలకీ, కాలేయంలోని స్టెలేట్ కణాలకీ "కొలాజెన్ నెయ్యండి" అని చెబుతుంది. కొలాజెన్ అంటే ఆ మచ్చ నారే. మామూలు రోజుల్లో స్టెలేట్ కణం విటమిన్ ఎ దాచుకుని ఓ మూల ఉంటుంది. సంకేతం అందగానే ఆ నిల్వ వదిలేసి, రూపం మార్చుకుని, నారలు అల్లే పనిలో దిగుతుంది.

ఒక గుడ్డుకైతే అది చిన్న మచ్చ, వైద్యమే అక్కర్లేదు. కానీ పురుగు బతికున్నంతకాలం రోజూ కొత్త గుడ్లు వస్తూనే ఉంటాయి. ప్రతి గుడ్డుకీ ఓ కంచె. లోపలి గుడ్డు చచ్చి కరిగిపోయినా కంచె నారలు మాత్రం మిగిలిపోతాయి. కంచె చేను మేయడం లేదు తల్లీ, కంచెలు వేస్తూ వేస్తూ చేనంతా కంచెలతోనే నిండిపోతోంది.

శరీరానికి ఈ ప్రమాదం తెలియదనుకోకు. దాని దగ్గర బ్రేకులున్నాయి. స్పందనను తగ్గించే ఐఎల్-10 ఉంది, నియంత్రించే టి కణాలున్నాయి, ఐఎల్-13ని పట్టుకుని దాని పని సాగనివ్వకుండా చేసే ఉత్తుత్తి గ్రాహకం కూడా ఉంది. అందుకే జబ్బు పాతబడ్డాక వచ్చే గుడ్ల చుట్టూ గ్రాన్యులోమాలు మొదట్లోకంటే చిన్నవిగా ఉంటాయి. పురుగు సోకిన వాళ్లలో కొద్దిమందికే తీవ్రమైన ఫైబ్రోసిస్ (కాలేయంలో ఈ మచ్చలు పేరుకోవడం) రావడానికి ఇదో కారణం. గుడ్ల భారం ఎంత, ఎన్నేళ్లుగా ఉంది, పుట్టుకతో వచ్చిన జన్యువులేమిటి, అవి కూడా లెక్కలోకొస్తాయి.

నువ్వు జాగ్రత్తగా చదవాల్సిన ప్రయోగం ఒకటుంది. ఎలుకల్లో ఐఎల్-13ని మాత్రమే అడ్డుకుంటే గ్రాన్యులోమా ఎప్పటిలాగే కట్టింది, మచ్చ మాత్రం బాగా తగ్గింది. అంటే కాపాడే పని, మచ్చ కట్టే పని ఒకే ముడిలా కనిపించినా విడదీయొచ్చు. "ఇమ్యూనిటీని తగ్గించేస్తే సరి" అన్న మాటకీ, "ఈ ఒక్క సంకేతాన్ని ఆపితే?" అన్న ప్రశ్నకీ ఎంత తేడా ఉందో చూడు. నిన్ను రెండోదాని వైపు తిప్పాలనే ఇంత రాస్తున్నాను.

ఇక వార్డులో ఇది ఎలా కనిపిస్తుందో. 1904లో సిమ్మర్స్ అనే డాక్టర్ ఈ కాలేయాన్ని వర్ణించాడు. కోసి చూస్తే పోర్టల్ సిరల చుట్టూ, పొగ తాగే తెల్లటి మట్టి పైపుల కాడలు గుచ్చినట్టు మచ్చలు. సిర్రోసిస్ అనే కాలేయ జబ్బులో కాలేయమంతా ముద్దలు ముద్దలుగా మారిపోతుంది. ఇందులో మాత్రం కాలేయ కణాలు చాలాకాలం బాగానే పనిచేస్తాయి, రక్తం వెళ్లే దారే బిగుసుకుపోతుంది. రక్తం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది, అన్నవాహిక సిరలు ఉబ్బి ఒకరోజు పగులుతాయి. కామెర్లు లేని, లివర్ టెస్టులన్నీ దాదాపు మామూలుగా ఉన్న మనిషి హఠాత్తుగా రక్తం కక్కుకుంటాడు. రిపోర్టు నార్మల్‌గా ఉందని ధైర్యపడకు నాన్నా, పొట్ట మీద చెయ్యి పెట్టి ప్లీహం చూడు.

ప్రాజిక్వాంటెల్ మాత్ర పెద్ద పురుగుల్ని చంపుతుంది. కట్టిన మచ్చని నేరుగా కరిగించదు. కానీ గుడ్లు ఆగిపోతాయి, కొత్త కంచెలు పడవు. పిల్లల్లో, చిన్న వయసు వాళ్లలో తొందరగా ఇస్తే ఉన్న మచ్చ కూడా కొంత వెనక్కి తగ్గడం అల్ట్రాసౌండ్‌లో కనిపించింది. 2021లో ఈ మందు అవసరమైన వాళ్లు 25 కోట్ల పైనే, అందులో ఎక్కువమంది ఆఫ్రికాలోనే. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు ముందు పిల్లలే గుర్తొస్తారు. వాళ్లకి మాత్ర ఈ ఏడు అందుతుందా, పదేళ్ల తర్వాత అందుతుందా అన్నదాని మీదే ఆ కాలేయం ఎలా ఉంటుందో ఆధారపడి ఉంటుంది.

సెలవులకు వచ్చినప్పుడు పాత స్లైడు పెట్టె తీస్తాను. మాసన్ ట్రైక్రోమ్ రంగు వేసినవి రెండున్నాయి, దాంట్లో కొలాజెన్ నీలంగా కనిపిస్తుంది. ఒకటి కొత్త గ్రాన్యులోమా, ఇంకోటి గుడ్డు ఎప్పుడో కరిగిపోయిన పాతది. ఏది ఏదో నేను చెప్పను. నీలం పట్టీ వెడల్పు చూసి నువ్వే చెప్పాలి.

వేళకి తిను. రాత్రి ఎక్కువసేపు మేలుకోకు.

ప్రేమతో,
అమ్మ