సూరిగాడికి, బరంపురం నుంచి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో "ఆసుపత్రిలో నీ డ్యూటీ ఏంట్రా, కాంపౌండరా, అటెండరా" అని ఒకటే నవ్వావు, ఈలోగా లైన్ కట్టయింది. రెండూ కాదు. కాలేయాన్ని పాడుచేసే వైరస్ జబ్బు హెపటైటిస్ సి వచ్చి తగ్గినవాణ్ణి కదా, ఇప్పుడు అదే వచ్చినవాళ్లకి తోడు తిరుగుతున్నాను. పీర్ సపోర్ట్ అంటారు.

నువ్వింకా ఇది వస్తే మనిషి పోయినట్టే అనుకుంటున్నావు, అందుకని ముందు మందు సంగతి చెప్తా. దీనికి వాడే సోఫోస్బువిర్ అనే మందు 2013లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లురా! తర్వాత మన కంపెనీలు చవగ్గా తయారుచేయడం మొదలెట్టాయి, 2018 జులై 28న కేంద్రం జాతీయ కార్యక్రమం పెట్టాక ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితమయ్యాయి. ఆ సోఫోస్బువిర్‌కి డక్లాటస్విర్ అనే ఇంకో మందు జతచేసి రోజూ మింగితే, కాలేయం బాగా పాడవనివాళ్లకి 12 వారాల్లో కోర్సు అయిపోతుంది, నూటికి 95 మందికి వైరస్ పోతుంది. మరింకేం, అందరూ వెళ్లి మింగొచ్చుగా అంటావు.

అక్కడే ఉంది తిరకాసు. వేలు గుచ్చి చేసే మొదటి టెస్టు పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడో ఆ వైరస్ తగిలిందని మాత్రమే, కొందరికి దానంతటదే పోయి ఉండొచ్చు కూడా. ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో, రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్ఎన్ఏ టెస్టులోనే తేలుతుంది. ఈ రెండు టెస్టుల మధ్యనే మనుషులు మాయమైపోతారు.

గోపాల్‌పూర్‌లో పడవ మీద పనిచేసే కుర్రాడొకడున్నాడు, పేరొద్దులే. మొదటి టెస్టు చీటీని నాలుగు మడతలు పెట్టి ఖైనీ ప్యాకెట్లో దాచాడు. చీటీ ఇంగ్లీషులో, కౌంటర్లో మాట ఒడియాలో, వీడికొచ్చింది మన తెలుగు. "కళ్లు పచ్చగా లేవు, కామెర్లు లేవు, నాకేంటన్నా" అంటాడు. ఈ జబ్బు ఏళ్ల తరబడి పైకి ఏమీ కనపడకుండానే లోపల కాలేయాన్ని తినేస్తుందని వాడికెవరు చెప్పారు గనక? వాళ్లమ్మ పసరు పోయించి, కంచం, గ్లాసూ వేరుచేసి పెట్టింది. ఇది రక్తం వల్ల వస్తుందమ్మా, కూటి వల్ల రాదని రెండు మాటల్లో చెప్పి, వాడి కంచంలోనే అన్నం పెట్టించుకుని చేపల పులుసు కలుపుకు తిన్నాను. ఆవిడ కాసేపు అలా చూసి, ఇంకో ముక్క వేసింది. మర్నాడు పొద్దున్నే కొడుకుని ఆవిడే తోలింది ఆసుపత్రికి.

నేను సూది పట్టిన రోజులు నీకు తెలుసు కాబట్టి దాచేదేం లేదు. సూదులు పంచుకునే కుర్రాళ్లు డాక్టరు ముందు నోరు విప్పరు, నా చేతులు చూశాక విప్పుతారు. ఒక ఆసుపత్రిలో సిస్టరు నా మోచేతులు చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. అలాంటి చోటికి సూది పట్టిన కుర్రాణ్ణి ఒంటరిగా పంపితే రెండోసారి వస్తాడా?

అలాగని అందరికీ నేను పనికిరాను. హిజ్రాల దగ్గరికి వాళ్లలోనే ఒకామె వెళ్తుంది. ఆధార్‌లో ఉన్న మగపేరు పెట్టి హాల్లో గట్టిగా పిలిస్తే లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. అందుకని ఈమె ముందే లోపలికెళ్లి, టోకెన్ నంబరుతో పిలవమని చెప్పి వస్తుంది. ఎంత చిన్న పనో చూడు. మాత్ర ఎంత గొప్పదైనా ఆ చిన్న పని జరక్కపోతే నోటిదాకా రాదు. మరి ఆమెకిచ్చేది ఆటో ఛార్జీలు, ఎప్పుడైనా ఓ టిఫిను. డాక్టరుకి జీతం, ల్యాబుకి జీతం, ఈమెది మాత్రం సేవట! మీటింగుల్లో శాలువాలు కప్పుతుంటే ఒళ్లు మండుతుంది నాకు.

మందు అయిపోయిన 12 వారాలకి మళ్లీ ఆర్ఎన్ఏ చూస్తారు, అది నెగెటివ్ వస్తే నయమైనట్టు. ఇంకో టెన్షన్ ఏంటంటే, నయమైనా వేలి టెస్టు పాజిటివ్‌గానే చూపిస్తుంది, వైరస్‌తో పోరాడ్డానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు లోపలే ఉండిపోతాయి. అది చూసి పడవ యజమాని పొమ్మంటే? అందుకే ఆ చివరి రిపోర్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకోమని అందరికీ చెప్తాను. మళ్లీ సూది పంచుకుంటే మళ్లీ రావచ్చని కూడా చెప్తాననుకో, సి కి టీకా లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఆ పడవ కుర్రాడు రెండో సీసాలో ఉన్నాడు, సీసాకి 28 మాత్రలు. ఇక్కడ వేట లేదని మీ విశాఖ హార్బరుకి పనికొస్తున్నాడు. మూడో సీసా అక్కడే ఇప్పించేలా ఇక్కడి డాక్టరుగారు కాగితం రాసిచ్చారు. నీకు సెలవున్న రోజు చూసి వాడితో ఆసుపత్రికి వెళ్లరా. నువ్వు చెప్పాల్సిందేమీ లేదు, క్యూలో పక్కన నిలబడు, ఏ కిటికీయో కనుక్కో, విసుక్కుని వెళ్లిపోతానంటే టీ తాగించి ఆపు. వాడి నంబరు మెసేజ్ పెడతాను. ఖైనీ అడుగుతాడు, ఇవ్వకు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు