సిక్లిడ్ పిల్లల్ని చెరువులో వదలకండి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడ చూసినా ఇప్పుడు రంగు చేపల షాపులు కనిపిస్తున్నాయి. అక్కడ పిల్లలు ముచ్చటపడి కొనే ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, ఏంజెల్, నల్ల చారల కాన్విక్ట్, ఇవన్నీ సిక్లిడ్ కుటుంబంలోవే. వీటితో ఇంట్లోనే గుడ్లు పెట్టించి పిల్లలు తీయాలని చాలామంది కుర్రాళ్ళు ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహం మంచిదే, నేనూ అందులో పాలుపంచుకున్నదాన్నే. పిల్లలు ఎక్కువైతే తీసుకెళ్ళి చెరువులోనో కాలువలోనో వదిలేస్తున్నారే, దాన్ని మాత్రం ఆపమని వేడుకోవడానికే ఈ ఉత్తరం.

నేను జువాలజీ చదువుకుని అల్లూరు వైపు రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తున్నాను. పొద్దున లేచింది మొదలు అమ్మోనియా, పీహెచ్, ఆక్సిజన్ ఇవే నా లోకం. ఇంటర్ చదివే మా అన్న కొడుకు కాన్విక్ట్ జంటను తెచ్చుకున్నప్పుడు నీళ్ళ సంగతి చూడమని నన్నే పిలిచాడు. మొదటిసారి పిల్లలు తీసేవాళ్ళకు కాన్విక్ట్ కంటే తేలికైన సిక్లిడ్ దొరకడం కష్టం. మధ్య అమెరికా చేప అయినా మన బోరు నీళ్ళ కాఠిన్యాన్ని లెక్కచేయదు. మగది కాస్త పెద్దగా, రెక్కలు పొడుగ్గా ఉంటుంది. ఆడదాని పొట్ట మీద నారింజ రంగు మచ్చలు తేలతాయి.

ట్యాంకులో ఒక మట్టి పూలకుండీని అడ్డంగా పడుకోబెట్టాం. ఆడది దాని లోపల పైకప్పుకు గుడ్లు అంటించింది. అప్పటి నుంచి అది కదిలితే ఒట్టు! రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతూనే ఉంది. మగది బయట కాపలా. ట్యాంకు దగ్గరికి వేలు పెడితే అద్దాన్ని పొడుస్తోంది. తెల్లబడిన గుడ్లను చూసి మా వాడికి టెన్షన్. "అత్తా, ఇయన్నీ చచ్చిపోతాయా?" అని ఫోన్ మీద ఫోన్. తెల్లగా అయినవి ఫలదీకరణ జరగనివి, వాటికి బూజు పడుతుంది, తల్లే ఏరి పారేస్తుందని చెప్పాను. అదే జరిగింది. నీళ్ళు 27 డిగ్రీలు ఉంటే మూడు రోజులకు గుడ్లు పగులుతాయి. పగిలిన పిల్లలు ఇంకో నాలుగైదు రోజులు ఈదలేక, గులకరాళ్ళ మధ్య తల్లిదండ్రులు తవ్విన గుంటలో తోకలాడిస్తూ పడుంటాయి.

ఈదడం మొదలయ్యాక చూడాలి ఆ సంసారం. ఆకు తునక పెద్ద చేప నోట్లో నమిలి పిల్లల గుంపులోకి ఊదుతుంది. పొద్దు గూకే వేళకు దారి తప్పిన పిల్లను నోటితో పట్టుకొచ్చి గుంటలో ఉమ్ముతుంది. "చూడత్తా, ఎట్టా లెక్కపెట్టుకుంటున్నాయో" అని మా వాడు కరెంటు పోయినా సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కూర్చున్నాడు. పుస్తకంలో పాఠంగా చదివినదాన్ని వాడు కళ్ళారా చూశాడు. ఇది ప్రతి పిల్లాడికీ దక్కాలనే నేను కోరుకుంటాను.

మేత విషయంలో మన జిల్లా వాళ్ళు అదృష్టవంతులు. తీరం పొడుగునా రొయ్యల హ్యాచరీలు ఉన్నాయి కాబట్టి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్ల డబ్బాలు ఇక్కడ తెలియనివి కావు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చే ఆ గుడ్లు చిటికెడు తీసుకుని, లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, ఎయిర్ పంపు గొట్టం వదిలితే ఒక రోజులో నారింజ రంగు పిల్లలు లేస్తాయి. సిక్లిడ్ పిల్లలకు అంతకు మించిన మేత లేదు. మామూలు ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తుంది, స్పాంజ్ ఫిల్టరే వాడాలి. ఇంకొక్క మాట. మన ఎండల్లో నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ నిలవదు. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా నిలిచేది, 32కు వచ్చేసరికి 7 దరిదాపుల్లోకి పడిపోతుంది. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

అసలు సమస్య ఇక్కడే మొదలైంది. ఒక్క ఈతలో వందకు పైగా పిల్లలు. అవి ఇంకా వేలెడంత కాకముందే పెద్దవి మళ్ళీ గుడ్లు పెట్టడానికి కుండీ తుడవడం మొదలుపెట్టాయి. షాపులో అడిగితే ఆయన తీసుకోనన్నాడు. "బతికున్న జీవాలు కదమ్మా, చెరువులో వదిలేయండి, పుణ్యం వస్తది" అన్నాడు. చెడు ఉద్దేశంతో అన్న మాట కాదది. ఊళ్ళో అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది అదే చెబుతారు. స్వర్ణాల చెరువు గట్టు మీద ప్లాస్టిక్ కవరు విప్పి రంగు చేపల్ని నీళ్ళలోకి జారవిడుస్తున్న వాళ్ళను నేను నా కళ్ళతో చూశాను.

అది పుణ్యం కాదండీ. మన చెరువుల్లో పరిగెలు, జెల్లలు, కొరమేనులు ఉన్నాయి. బిడ్డల్ని అంత గట్టిగా కాచుకునే చేప, ఏ నీళ్ళలోనైనా బతికే చేప, పక్క చేపల గుడ్లు తినే చేప ఆ నీళ్ళలో పడితే నష్టపోయేది ఇవే. పైగా చెరువులో వదిలింది చెరువులోనే ఉండదు. కలుజు పారితే కాలువలోకి, అక్కడి నుంచి కింది చెరువులోకి పోతుంది. మన మార్కెట్లో జిలేబీ చేప అని అమ్మే తిలాపియా కూడా సిక్లిడ్డే. 1952లో దేశంలోకి తెచ్చారు. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి దాని సంతతికి అడ్డు లేకుండా పోయింది. ఇప్పుడు అది లేని చెరువు చూపించమనండి. పనామా దేశంలోని గాటున్ సరస్సులో 1960ల చివర్లో పీకాక్ బాస్ అనే సిక్లిడ్ చొరబడింది. పెంచుకుంటున్న చోటు నుంచి తప్పించుకున్న చేపలవి. కొన్నేళ్ళకే అక్కడి సొంత చేపలు చాలావరకు మాయమైపోయాయని 1973లో శాస్త్రవేత్తలు రాశారు. అంత దూరం ఎందుకు, ట్యాంకు అద్దం శుభ్రం చేస్తుందని షాపుల్లో అమ్మిన సక్కర్ చేప ఈరోజు మన రాష్ట్రంలో ఎన్నో చెరువుల్లో జాలర్ల వలలు చింపుతోంది. దాన్ని కోసుకు తినేవాళ్ళు లేరు, కొనేవాళ్ళు లేరు. వల బాగుచేసుకునే ఖర్చు మాత్రం ఆ జాలరిదే.

కాబట్టి కుండీ పెట్టే ముందే పిల్లల్ని ఎవరు తీసుకుంటారో మాట్లాడుకోండి. ఎవరూ లేకపోతే మగ, ఆడ కలిపి ఉంచకండి, మధ్యలో అద్దం అడ్డం పెట్టండి. గుడ్లు పెట్టేసినా, పగలకముందే కుండీ బయటికి తీసి ఎండలో పెడితే సరిపోతుంది. పిల్లలైపోతే ఆస్కార్ పెంచేవాళ్ళకు మేతగా ఇవ్వండి. వినడానికి కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. చెరువుకు చేసే నష్టం కంటే అది ఎంతో మేలు. మా వాడు కొన్ని పిల్లల్ని స్నేహితులకు పంచి, మిగతావి ఆస్కార్లు పెంచే ఆయనకు ఇచ్చి, జంటను విడదీశాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, అయినా చెరువు వైపు మాత్రం పోలేదు.

షాపుల వాళ్ళకు కూడా ఒక విన్నపం. అమ్మిన చేపను వద్దనుకున్న రోజున మీరే వెనక్కి తీసుకోండి, డబ్బులు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. మత్స్యశాఖ వారు పెద్ద చెరువుల గట్ల మీద "రంగు చేపల్ని ఇందులో వదలరాదు" అని తెలుగులో బోర్డులు పెట్టించాలి, వద్దనుకున్న చేపల్ని తీసుకోవడానికి జిల్లాలో ఒక చోటైనా చూపించాలి.

సిక్లిడ్ మీద అంత ఇష్టం ఉన్నవాళ్ళకు మన దేశపు సిక్లిడ్లే మూడు రకాలున్నాయి. కేరళ వాళ్ళు 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్ మన పులికాట్‌లోనూ ఉంది. దాని దగ్గరి చుట్టం ఆరెంజ్ క్రోమైడ్ అరచేతిలో ఇమిడేంత చేప. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కుని తింటాయి. కాన్విక్ట్‌ను చూసి మురిసిపోయినవాళ్ళు దీన్ని చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. అయితే ట్యాంకులో పెరిగింది రోగాలు మోసుకెళ్తుంది కాబట్టి దీన్ని కూడా చెరువులో వదలకూడదు.

వేసవి సెలవుల్లోనే పిల్లలు కొత్త ట్యాంకులు కొనిపించుకుంటారు. ఈ ఉత్తరాన్ని అంతకుముందే ప్రచురించగలరని మనవి.

ఇట్లు,
ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్,
అల్లూరు, నెల్లూరు జిల్లా