వార్షిక నివేదిక: గింకో శిలావనంలో మన కుటుంబ శిబిరం

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులకు, వారి కుటుంబాలకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఉగాది వేడుక, వారాంతపు తెలుగు తరగతులు, బతుకమ్మ, దీపావళి ఈ సంవత్సరం కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటికి మీలో చాలామంది స్వయంగా వచ్చారు కనుక ఇక్కడ వర్ణించబోవడం లేదు. సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంటేజ్ దగ్గర కొలంబియా నది ఒడ్డున మొదటిసారి నిర్వహించిన రెండు రాత్రుల కుటుంబ శిబిరం గురించే ఈ నివేదికలో ఎక్కువగా రాస్తున్నాను. రాలేకపోయిన వారికి అక్కడ ఏం జరిగిందో తెలియాలి, దాని వెనుక ఎవరి శ్రమ ఉందో కూడా తెలియాలి.

ఈ ప్రతిపాదన గత సమావేశంలో వచ్చినప్పుడు, సియాటిల్ చుట్టూ ఇంత పచ్చని అడవి ఉండగా కొండలు దాటి చెట్టన్నది లేని ఎండు నేలకు ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఐ-90 రహదారి మీద స్నోక్వాల్మీ కనుమ దాటి, ఎలెన్స్‌బర్గ్ మీదుగా నది వైపు దిగేసరికి కనిపించేవి నల్లటి బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) గుట్టలు, సేజ్‌బ్రష్ పొదలు, గాలి మాత్రమే. అయితే ఆ గుట్టల కిందే ఒక అడవి రాయిగా మారి పడుకుని ఉంది. దాన్ని పిల్లలకు చూపించడానికే గింకో పెట్రిఫైడ్ ఫారెస్ట్ స్టేట్ పార్కును ఎంచుకున్నాం.

పార్కుకు చెందిన వానాపమ్ విడిది వాంటేజ్‌కు దక్షిణంగా, నీటి పక్కనే ఉంది. అక్కడ ఉన్నవి మొత్తం 50 స్థలాలు. ఒక్కో స్థలంలో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. రిజర్వేషన్లు తొమ్మిది నెలల ముందే తెరుచుకుంటాయి కనుక, గత డిసెంబరులో అవి తెరుచుకున్న రోజే ఉపాధ్యక్షురాలు కంప్యూటరు ముందు కూర్చుని మనకు ఆరు స్థలాలు పక్కపక్కనే సంపాదించారు. ఆమె ఆ రోజు అంత పట్టుదలగా కూర్చోకపోతే ఈ నివేదికలో రాయడానికి ఏమీ ఉండేది కాదు.

శుక్రవారం సాయంత్రం గుడారాలు వేస్తున్నప్పుడే నది గాలి తన సంగతి చూపించింది. మేకులు బలంగా దిగని రెండు గుడారాలు లేచిపోయాయి, వాటిని పట్టుకోవడానికి పెద్దలందరూ పరుగెత్తవలసి వచ్చింది. వచ్చేసారి వెళ్లేవారు పొడవాటి మేకులు, అదనపు తాళ్లు తప్పక తెచ్చుకోవాలి. ఇసుక సంచులుంటే మరీ మంచిది. మంటల నిషేధం అమల్లో ఉన్నందున నెగడు వేసుకోలేదు. గ్యాస్ పొయ్యిల మీద ఉప్మా, పాలు, టీ మాత్రమే పెట్టుకుని, పులిహోర, పెరుగన్నం ఇళ్ల నుంచే తెచ్చుకున్నాం. వెలుతురు లేకపోవడం వల్ల నక్షత్రాలు అంత దట్టంగా కనబడ్డాయి, నెగడు లేదన్న బాధ పిల్లలకు కాసేపట్లోనే పోయింది.

శనివారం ఉదయం నది అంచున ఎత్తుమీద ఉన్న ప్రదర్శనశాలకు వెళ్లాం. ఆ శిలావనం కథ అక్కడే మొదలైంది. సుమారు కోటీ యాభై లక్షల సంవత్సరాల క్రితం ఈ ప్రాంతం ఇప్పటిలా ఎండిన నేల కాదు; చెరువులు, చిత్తడి నేలలు, తేమ వాతావరణం ఉన్న చోటు. దగ్గరి అడవుల మానులతో పాటు ఎగువ కొండల మానులు కూడా నీటిలో కొట్టుకువచ్చి చెరువుల అడుగు బురదలో నానిపోయాయి. తరువాత నేల పగుళ్ల నుంచి పొంగిన లావా వాటిమీదుగా పరుచుకుంది. విడి చెట్లయితే బూడిదయ్యేవి. నీటిలో, బురదలో మునిగి ఉండడం వల్ల ఇవి కాలిపోలేదు. ఆపై నేలలోకి ఇంకిన నీటిలోని సిలికా అనే ఖనిజం చెక్క కణాలలోకి చేరి, వేల ఏళ్లపాటు మెల్లమెల్లగా ఆ చెక్కను రాయిగా మార్చింది. అందుకే ముక్కను కోసి నునుపు చేస్తే వార్షిక వలయాలు ఈనాటి కలపలో ఉన్నంత స్పష్టంగా కనిపిస్తాయి. మంచుయుగం చివర వచ్చిన మహా వరదలు పైనున్న మట్టిని, రాతిని కోసుకుపోవడంతో ఆ మానులు మళ్లీ వెలుగు చూశాయి.

యాభైకి పైగా జాతుల చెట్లను ఇక్కడ గుర్తించారని, వాటిలో గింకో అనే చెట్టు శిలాజం ప్రపంచంలోనే అరుదని మీలో కొందరికి తెలిసి ఉండవచ్చు. నేడు ప్రకృతిసిద్ధంగా చైనాలో మాత్రమే మిగిలిన ఆ జాతి ఒకప్పుడు ఈ నది ఒడ్డున పెరిగింది. 1927లో వాంటేజ్ రహదారి పనుల్లో శిలాజ కలప బయటపడినప్పుడు దాని విలువ గ్రహించినవారు ఎలెన్స్‌బర్గ్ కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించిన జార్జి బెక్. ఆయన తన విద్యార్థులతో తవ్వకాలు సాగించారు. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగ యువకులకు పని కల్పించిన ప్రభుత్వ పథకం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ యువకులు కూడా పనిచేశారు. 1938లో పార్కు ప్రజలకు తెరుచుకుంది. 1965లో దీనిని జాతీయ ప్రకృతి చిహ్నంగా ప్రకటించారు. శిలాజ కలపనే 1975లో వాషింగ్టన్ రాష్ట్ర రత్నంగా ఎంపిక చేశారు. మాంద్యకాలపు కష్టంలో ఉన్న యువకులు గునపాలు పట్టి మనకోసం ఇంత మిగిల్చి వెళ్లారన్న మాట నన్ను ఈనాటికీ కదిలిస్తోంది.

ప్రదర్శనశాల వెలుపల ఉన్న రాతి చెక్కడాల దగ్గర మేమంతా చాలాసేపు నిశ్శబ్దంగా నిలబడ్డాం. ఈ నదీతీరంలో తరతరాలుగా బతికిన వానాపమ్ ప్రజల గడ్డ ఇది. 1960ల తొలినాళ్లలో వానాపమ్ ఆనకట్ట వల్ల వెనుక నీరు పెరిగి గట్టు కొండచరియలు మునిగిపోయే ముందు, వాటి మీద ఉన్న అరవైకి పైగా చెక్కడాలను తొలగించి ఇక్కడికి చేర్చారు. మునిగిన ఊళ్లు, నీటికిందికి పోయిన పూర్వీకుల గుర్తులు మన తెలుగువారికి తెలియని బాధ కాదు. శ్రీశైలం జలాశయం కింద ఊరు కోల్పోయిన కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మగారు అక్కడ కన్నీళ్లు పెట్టుకున్నారు. పిల్లలు ఆమె పక్కన చేరి కారణం అడిగి తెలుసుకున్నారు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. ప్రదర్శనశాలకు రెండు మైళ్లు పడమరగా, బయలు కొండవాలు మీద శిలామానుల కాలిబాట ఉంది. అక్కడి మానులు దొరికినచోటే గుంటల్లో ఉండిపోయాయి, వాటిమీద ఇనుప చువ్వలు బిగించారు. ఆరు వారాలపాటు తెలుగు తరగతుల్లో సిద్ధమైన పిల్లలు ఒక్కో మాను దగ్గర ఒక్కొక్కరుగా నిలబడి, దాని పేరు, అది రాయైన తీరు పూర్తిగా తెలుగులో చెప్పారు. లావా, సిలికా, బసాల్ట్ వంటి మాటలను అలాగే ఉంచాం. కాని బెరడు, వలయం, చిత్తడి, ఊబి, మాను అనే మాటలు ఆ రోజు వాళ్ల నోట సహజంగా వచ్చాయి. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని తొమ్మిదేళ్ల బాబు, "ఈ మాను కాలలేదు, నానింది, అందుకే బతికింది," అన్నప్పుడు వాళ్ల తాతగారు అక్కడే చప్పట్లు కొట్టారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మరో పెద్దాయన, తమ ఉమ్మడి జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూశానని చెబుతూ, గోదావరి లోయ రాళ్ల గురించి పిల్లలకు మరో పాఠం చెప్పారు. మన సంఘం ఎందుకు ఏర్పడిందో ఆ గంటలో నాకు స్పష్టంగా కనిపించింది.

తిరుగు బాటలో ఒక పాప జేబులో చిన్న శిలాజ ముక్క దొరికింది. ఆ పార్కులో శిలాజ కలపను ఏరుకోవడం నిషిద్ధం. పాపను ఎవరూ గద్దించలేదు. తల్లి తనతో తీసుకువెళ్లి ఎక్కడ తీసిందో అక్కడే పెట్టించారు. వచ్చేసారి బయలుదేరే ముందే ఈ నిబంధన ప్రతి కుటుంబానికి వివరించడం కార్యవర్గం బాధ్యత. ఈసారి ఆ పొరపాటు మాదే. గిలక పాములు తిరిగే నేల కనుక బాట దిగకూడదని, బూట్లు లేకుండా రాకూడదని మాత్రం ముందే గట్టిగా చెప్పాం, అందరూ పాటించారు.

కొన్ని మాటలు నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. స్వచ్ఛందంగా పనిచేస్తామని పద్నాలుగు మంది పేర్లు రాశారు. శుక్రవారం సాయంత్రం వచ్చినవారు ఐదుగురు. వంట సామాను దించింది, నీళ్లు మోసింది, ఆదివారం స్థలాలు శుభ్రం చేసి ఖాళీ చేసింది ఆ ఐదుగురే. రాలేని కారణం ఎవరికైనా ఉంటుంది, కాని ముందురోజైనా ఒక సందేశం పంపితే ఇతరులను అడిగేవాళ్లం. పెద్దల కోసం బస్సు ఇస్తామని మాట ఇచ్చిన ఒక సంస్థ నాలుగు రోజుల ముందు కుదరదంది. అద్దె కారు తెచ్చి, పెద్దలను ఎక్కించుకుని వెళ్లిన ఇద్దరు యువ సభ్యులకు కార్యవర్గం ప్రత్యేకంగా రుణపడి ఉంది.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి సభ్యులందరికీ ఇప్పటికే పంపారు. శిబిరం ఖర్చు దాదాపుగా పాల్గొన్న కుటుంబాల చందాలతోనే నడిచింది, అద్దె కారు ఖర్చు మాత్రం సాధారణ నిధి నుంచి ఇచ్చాం. అనుమానాలున్నవారు ఆయనను సంప్రదించవచ్చు.

పాఠాలు సిద్ధం చేసిన తెలుగు తరగతుల ఉపాధ్యాయినులకు, ప్రదర్శనశాలలో ఓపికగా మా ప్రశ్నలకు జవాబులిచ్చిన సిబ్బందికి, వంటశాల బాధ్యత పూర్తిగా తీసుకున్న ముగ్గురు తల్లులకు, శనివారం మధ్యాహ్నం వచ్చి సాయంత్రమే తిరిగి వెళ్లినా ఇరవై మందికి సరిపడా కూరగాయలు తరిగిపెట్టిన దంపతులకు, ఫొటోలు తీసి అందరికీ పంచిన యువకుడికి, గుడారాలు అరువిచ్చిన పొరుగు సంఘానికి, ఇన్నాళ్లూ నా మాటను భరించిన కార్యవర్గ సభ్యులందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు.

వచ్చే సెప్టెంబరు శిబిరానికి రిజర్వేషన్లు ఈ డిసెంబరులోనే తెరుచుకుంటాయి కనుక నిర్ణయం ఈరోజే జరగాలి. ఈసారి ఎనిమిది స్థలాలు తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఒక్క పగలు వచ్చి వెళ్లే సభ్యులు రాష్ట్ర పార్కుల్లోకి వాహనం తేవడానికి కావలసిన డిస్కవర్ పాస్ తమంతట తామే తెచ్చుకోవాలి; ఒక్క రోజుకు అది 10 డాలర్లు. సమావేశం ముగిసేవరకు స్వచ్ఛంద సేవకుల పట్టిక తలుపు పక్కన బల్ల మీద ఉంటుంది. పేరుతో పాటు ఫోన్ నంబరు, రాగలిగే రోజు, చేయగలిగే పని రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి