మాఫీ అయిన అప్పుకు మళ్లీ వాయిదా ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల పేజీలో ఒక సోదరుడు క్రైస్తవులను ఒక ప్రశ్న అడిగారు. శిక్ష లేకుండా ఊరికే క్షమాపణ దొరికితే మనిషి ఎందుకు మారతాడు, ఆదివారం ఏడ్చి సోమవారం మళ్లీ అదే చేస్తాడు కదా అని. నేను క్రైస్తవుణ్ణే, నాకూ చాలా ఏళ్లు ఉన్న అనుమానం అది. వ్యవసాయ సహకార సంఘంలో 31 ఏళ్లు అప్పుల లెక్కలు రాసి రిటైరయ్యాను కనుక నాకు తెలిసిన ఆ లెక్కల్లోనే జవాబు చెబుతాను.

2024లో మన తెలంగాణలో 2 లక్షల రూపాయల దాకా పంట రుణాలు మాఫీ చేశారు. మాఫీ అంటే అప్పు మీద అడ్డంగా గీత గీసేయడమని చాలామంది అనుకుంటారు. లెడ్జర్ అలా ఒప్పుకోదు. రైతు ఖాతాలో డబ్బు జమ పడితేనే అప్పు తీరుతుంది. ఆ జమ వేసింది ప్రభుత్వం, తేలికపడింది రైతు. సిలువ గురించి మేం నమ్మేది కూడా ఇదే. దేవుడు మా పాపాన్ని చూసీచూడనట్టు వదిలేశాడని కాదు. బాకీ పూర్తిగా ఉంది, దాన్ని క్రీస్తు తన ప్రాణంతో కట్టాడు. చిన్నప్పటి నుంచి మేం నోటికి చెప్పే ప్రభువు ప్రార్థనలో కూడా ‘మా ఋణములు క్షమించుము’ అనే ఉంటుంది.

అయితే ఆ రుణమాఫీకి ఒక హద్దు పెట్టారు. అప్పు 2 లక్షలు దాటితే పైది రైతు ముందుగా కట్టుకోవాలన్నారు. కృపకు, అంటే అర్హత చూడకుండా దేవుడు ఇచ్చే క్షమకు, అలాంటి హద్దు లేదు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో క్రీస్తు ఒక దాసుడి కథ చెప్పాడు. వాడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. ఒక దేనారం ఒక రోజు కూలి, తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. లెక్క వేస్తే 6 కోట్ల రోజుల కూలి! ఏ తరానికీ తీరదు. రాజు జాలిపడి మొత్తం వదిలేశాడు. వాడు బయటికొచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు ఒక కుటుంబానికి ఏడాదికి చెప్పిన పని అంత. చిన్న మొత్తమేమీ కాదు. అవతలివాడు చేసిన తప్పు ఉత్తదని క్రీస్తు అనలేదు.

మరి ధర్మశాస్త్రం, అంటే బైబిల్లో మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలు, దేనికి? లెడ్జర్ దేనికో అదీ దానికే. ‘ధర్మశాస్త్రమువలన పాపమనగా ఎట్టిదో తెలియబడుచున్నది’ అని తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమీయులకు రాశాడు. బాకీ ఎంతో పుస్తకం చూపిస్తుంది. ఎన్నిసార్లు తిరగేసినా ఒక్క రూపాయి కట్టదు. ఇది ఏదో ఒక శాఖ చెప్పే మాట అనుకోకండి. 1517లో మార్టిన్ లూథర్ కతోలిక చర్చిని ప్రశ్నించినప్పుడు మొదలైన తగాదాలో ఇదే పెద్ద విషయం. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులు, లూథరన్లు కలిసి, మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది తన క్రియల వల్ల కాదు, కృప వల్లే అన్న దాని మీద ఒప్పందానికి సంతకాలు చేశారు.

సోదరుడు అడిగిన ప్రశ్న పౌలు కూడా వేసుకున్నాడు. ‘కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు.’ జక్కయ్య సంగతి చూడండి. సుంకం పేరుతో జనాన్ని పీడించినవాడు. సొమ్ము తిరిగిచ్చి రా, అప్పుడు మీ ఇంటికొస్తానని యేసు అనలేదు. ముందే ఇంట్లో దిగాడు. ఆ తర్వాత జక్కయ్య తనంతట తానే లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇవ్వాలని బైబిల్లోని సంఖ్యాకాండంలో ఉంది. అంటే ధర్మశాస్త్రం అడిగింది 20 శాతం అదనం. మనసు కరిగినవాడు ఇచ్చింది నాలుగింతలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కృప పేరు చెప్పి భార్యను కొట్టినవాణ్ణి, చర్చి డబ్బు తిన్నవాణ్ణి కేసు లేకుండా కాపాడమని నా ఉద్దేశం కాదు. అది పోలీసు, కోర్టు చూసే పని. దెబ్బ తిన్న మనిషిని ‘క్షమించేయమ్మా’ అని ఒత్తిడి చేయడం నాకు మహాపాపంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా భయం సోదరుడి భయానికి అటు వైపుది. మా వాళ్లు కృపను చౌక చేస్తున్నారని కాదు, అసలు నమ్మడమే లేదని. ఇది ఎవరి మీదో నింద కాదు, నేను చేసిందే చెబుతున్నాను.

నా తమ్ముడు బత్తాయి తోట బోరుకని తెచ్చిన డబ్బు తీసుకుని మేస్త్రి పనికి బొంబాయి పోయాడు. పన్నెండేళ్లు రాలేదు. అమ్మ పోయినప్పుడూ రాలేదు. వాడు నాకు ఇవ్వాల్సింది వడ్డీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. 1,86,000 రూపాయలు. చివరికి తాగుడుతో లివర్ పాడైపోయి, పచ్చబడిన కళ్లతో ఇంటికొచ్చాడు. గుడికి, అంటే మా చర్చికి వచ్చి బల్ల అడిగాడు. బల్ల అంటే క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ మేం తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. ఆరు నెలలు మంచిగా ఉంటే చూద్దామని గుడి పెద్దలం తీర్మానం చేశాం. మినిట్స్ పుస్తకంలో నా సంతకం కూడా ఉంది. ఆ సాయంత్రం వాడు నన్ను అడిగింది ఒక్కటే: ‘ఆర్నెల్లంటే ఏ తారీఖు అయితది అన్నా?’ వాయిదా తేదీ అడిగే రైతులు నాకు అలవాటే. లెక్కపెట్టి తారీఖు చెప్పాను.

తర్వాతి బల్ల ఆదివారం ద్రాక్షరసం గ్లాసుల పళ్లెం పట్టుకుని చివరి వరుస దాకా వెళ్లింది నేనే. వాడు చేయి చాపలేదు. పక్కనున్న ముసలాయనకు అందేలా కొంచెం వెనక్కి జరిగాడు. నాలుగో నెలలో చనిపోయాడు.

‘ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను’ అన్న బైబిల్ వాక్యం చూపించి ఆ తీర్మానం చేశాం. వాడు పోయాక ఆ వాక్యం మిగతా సగం చదివాను. ‘ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను’ అని ఉంది. పరీక్ష చేసుకోవాల్సింది ఎవరికి వాళ్లే, అది కూడా తినడం కోసమే.

నోటుబుక్కు పొయ్యిలో వేశాను. ఈ సంవత్సరం వాడి కొడుకు భూమిలో తండ్రి వాటా అడిగితే 1,86,000 మినహాయించకుండా రాసిచ్చాను. ఇవ్వకపోతే దేవుడు ఏదో చేస్తాడని కాదు. నా బాకీ ఎంతో నాకు తెలిసొచ్చింది, అందుకు ఇచ్చాను.

మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వలసపోయి చెడి తిరిగొచ్చేవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు. చందా బాకీ ఉందనో, తాగాడనో, ఎవరినో లేపుకెళ్లాడనో గుడి చివరి వరుసలో కూర్చోబెట్టినవాళ్లు కూడా ఉన్నారు. చర్చి పెద్దలు ఈసారి కమిటీలో కూర్చున్నప్పుడు పాత తీర్మానాలు ఒకసారి తీసి చదవాలని, ‘ఆరు నెలల తర్వాత’ అని రాసి ఉన్న పేర్లలో ఎవరైనా ఇంకా బతికి ఉంటే ఈ ఆదివారమే పిలవాలని కోరుతున్నాను.

ఇట్లు,
సహకార సంఘ విశ్రాంత ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.